బండి ఎందుకు ఆగింది?

నా నవలల్లో కార్లు తరచు ఆగిపోతూ వుంటాయి. ఆగకపోతే నాకు కథ నడవదు. వాన కురుస్తున్న రాత్రి, వూరి బయట, మర్రిచెట్టు దగ్గరో రైల్వే గేటు దగ్గరో కారు ఆగాలి. అందులోంచి హీరో దిగి, బానెట్ ఎత్తి, అటూ ఇటూ చూసి, తల పంకించి, దూరాన దీపం వెలుగుతున్న ఇంటికేసి నడవాలి. ఆ ఇంట్లో హీరోయిన్ వుండాలి. ఇంతవరకు నేను రాసిన పద్ధెనిమిది నవలల్లో ఏడింటికి ఈ ఆగిన కారే ఆధారం. "నీ రాయల్టీలో సగం న్యాయంగా ఆ చెడిపోయిన కారుకి చెందాలి" అంటూ వుంటారు మావారు.

పదిహేనేళ్ళ క్రితం తెనాలి నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు. మోటారు మెకానిక్కట. నవల బాగుందన్నాడు. మా ఆవిడ చదివి ఏడ్చిందన్నాడు. చివర ఒక్క ముక్క రాశాడు: "అమ్మా, ఇంతకీ ఆ కారు ఎందుకు ఆగింది? పెట్రోలు అందకా, ప్లగ్గు కాలకా? తమరు చెప్పలేదు."

నేను నవ్వుకుని, ఆ కార్డు పదిమందికీ చూపించి, వాళ్ళనీ నవ్వించి, సొరుగులో పడేశాను. కారు ఆగింది, అంతే! ఎందుకు ఆగితేనేం? బి.ఏ.లో తెలుగూ, చరిత్రా, రాజనీతీ చదువుకున్నదాన్ని. నన్ను అడగవలసిన ప్రశ్నేనా అది?

నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు వూరికే అనలేదు. 2024 మే నెలలో ఒకరోజు నేను అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, మా అక్క ఇంటి వెనక తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, చేతులనిండా నల్లటి మడ్డి పూసుకుని, "ఇది ఎందుకు ఆగుతోందే అక్కా?" అని ఏడుపు గొంతుతో అడుగుతున్నాను. పోనీ ఆగింది కారా అంటే కారు కూడా కాదు. గడ్డి కోసే బండి!

గడ్డి కోసే బండి అంటే చేత్తో తోసుకుపోయేది కాదు. ఎక్కి కూర్చుని నడిపేది. చూడ్డానికి చిన్న సైజు ట్రాక్టరులా వుంటుంది. స్టీరింగు వుంటుంది, సీటు వుంటుంది, దర్జా వుంటుంది. పొట్ట కింద సీలింగు ఫ్యాను రెక్కల్లా కత్తులు గిర్రున తిరిగి గడ్డిని సమానంగా కోసుకుంటూ పోతాయి. అసలు గడ్డికోత యంత్రాన్ని 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు. ఉన్ని మిల్లులో బట్టమీద లేచిన నూగుని కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకి ఈ ఆలోచన తట్టిందట. బట్టమీది నూగుకీ నేలమీది పచ్చికకీ పోలిక పట్టిన మనిషి కవి కావలసినవాడు, పొరపాటున ఇంజనీరయ్యాడు.

మా అక్కవాళ్ళ ఇంటి చుట్టూ ఎకరం నేల. మా నాన్నగారు తణుకు దగ్గర రైతు. ఎకరం నేలలో వరి వెయ్యకుండా, చెరుకు వెయ్యకుండా, వట్టి గడ్డి పెంచి, దానికి ఎరువు చల్లి, పెరిగాక కోసి, ఆ కోసినదాన్ని ఒక్క గేదెకయినా వెయ్యకుండా వదిలేస్తారని తెలిస్తే ఆయన ఏమనేవారో! కానీ అక్కడ అది మర్యాదకి సంబంధించిన సంగతి. మా అక్క వుండే వూళ్ళో గడ్డి ఎనిమిది అంగుళాలు దాటితే ఇంటికి నోటీసు వస్తుంది.

ఇరవయ్యేళ్ళూ ఆ గడ్డి సంగతి మా బావగారే చూసుకున్నారు. బండి 2004లో ఆయన కొన్నదే. శనివారం వచ్చిందంటే చాలు, తలకో టోపీ పెట్టుకుని దానిమీద ఎక్కి, ఇంటి చుట్టూ తిరుగుతూ వుండేవారు. "ఇన్ని ప్రదక్షిణాలు వెంకటేశ్వరస్వామికి చేస్తే పుణ్యమైనా వచ్చేది" అని అక్క ఎగతాళి చేసేది. 2023 నవంబరులో ఆయన పోయారు. గుండెపోటు. ఆస్పత్రికి చేరేలోపలే అయిపోయింది.

అప్పట్లో వీసా లేక నేను వెళ్ళలేకపోయాను. ఏప్రిల్లో వెళ్ళాను. అక్కని ఎలా ఓదార్చాలా అని విమానంలో దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను. తీరా వెళితే ఇల్లు అద్దంలా వుంది. అక్క నాకిష్టమని గుత్తివంకాయ చేసింది. "ప్రయాణం బాగా జరిగిందా? ఇంకాస్త పెరుగు వేసుకో" అంది. నేను కూడబెట్టిన మాటలన్నీ నా దగ్గరే వుండిపోయాయి.

అక్క కొడుకు సియాటిల్లో వుంటాడు. వాడు నాకు విడిగా ఫోను చేశాడు.

"అమ్మ ఇంతవరకు ఒక్కసారి కూడా ఏడవలేదు పిన్నీ. నాకు భయంగా వుంది. ఇల్లు అమ్మేసి నా దగ్గరకి వచ్చెయ్యమంటే మాట తప్పిస్తుంది. ఆ ఎకరం గడ్డీ, ఆ చలికాలం మంచూ ఒక్కతీ ఎలా చూసుకుంటుంది? నువ్వయినా చెప్పు."

చెప్పాను. అక్క కిటికీలోంచి బయటకి చూస్తూ, "గడ్డి పెరిగిపోయిందే" అంది.

"డబ్బిస్తే వచ్చి కోసి వెళ్ళేవాళ్ళు వుంటారుగా అక్కా."

"మీ బావ బండి వుండగా ఎవరో ఎందుకు? అది నడిస్తే వుంటాను. నడవకపోతే వాడన్నట్టే అమ్మేద్దాం" అని నవ్వింది.

మా అక్క సంగతి నేనెరుగుదును. నవ్వుతూ అన్నమాటే చేసి చూపిస్తుంది. పెళ్ళి విషయంలోనూ అంతే చేసింది.

బండి వెనక షెడ్డులో వుంది. పెట్రోలు టాంకు మూతమీద పాలిథీన్ కవరు, దాని చుట్టూ రెండు రబ్బరు బాండ్లు. షెడ్డు కప్పు కారుతుంది కనక నీళ్ళు దిగకుండా అక్టోబరు చివర బావగారు కట్టారట. అక్క ఆ కవరు నెమ్మదిగా విప్పి, టాంకులోకి చూసి, మూత పెట్టి, మళ్ళీ కవరు అచ్చం అలాగే బిగించి కట్టింది.

బ్యాటరీ చార్జి చేయించి తాళం తిప్పాం. బండి లేచింది. లేచింది గానీ, రాగం మొదలుపెట్టింది. వూఁ... అని పైకి పోతుంది. పోయి పోయి ఇక ఆగుతుందనగా దిగిపోతుంది. మళ్ళీ పైకి పోతుంది. ఉబ్బసం మనిషి మెట్లెక్కుతున్నట్టు వుంది. కత్తులు తిప్పగానే గుటుక్కున ఆగిపోయింది.

పక్కింటాయనకి ఎనభై ఏళ్ళుంటాయి. పొలం ట్రాక్టర్లు బాగుచేసి బతికిన మనిషి. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. కంచె అవతల కుర్చీ వేసుకుని కూర్చుని మా అవస్థ అంతా చూశాడు.

"నేను వంగలేను. చెప్పగలను. మీరు చెయ్యగలరా?" అన్నాడు.

"చేస్తాం" అంది అక్క. ఆవిడ బి.ఏ. ఎకనామిక్సు. ఇద్దరం కలిస్తే రెండు బి.ఏ.లు.

"బండి పాడయిందండీ" అన్నాన్నేను.

"అది నాకొద్దు. ఏం చేస్తోందో చెప్పండి."

చెప్పాను. హెచ్చూ తగ్గూ, ఆగడమూ. ఆయన తల వూపి మూడు వేళ్ళు చూపించాడు. ఇంజనుకి కావలసినవి మూడేనట. గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. ఈ మూడూ సరైన పాళ్ళలో, సరైన సమయానికి అందితే నడిచి తీరాలి. నడవలేదంటే మూడింట్లో ఏదో అందడం లేదన్నమాట. వెతికేటప్పుడు తేలికైనది, ఖర్చులేనిది ముందు చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బండి బాగుపడ్డా ఏది బాగుచేసిందో తెలియదు.

ఈ న్యాయం మనకి కొత్తేమీ కాదు. పులుసు రుచిగా లేదని ఉప్పూ, బెల్లమూ, కారమూ ఒక్కసారే గుమ్మరించే ఆడది ఎక్కడైనా వుందా?

ముందు జాగ్రత్తలు చెప్పాడు. ఇంజను చల్లారాక ముట్టుకోవాలి. చుట్టుపక్కల నిప్పు వుండకూడదు. ప్లగ్గు వైరు వూడదీశాకే కత్తుల దగ్గర చెయ్యి పెట్టాలి.

మొదట గాలి. ఫిల్టరు పెట్టె మూత తీసేసరికి ఎలుక సంసారం! చలికాలమంతా గడ్డీ, కాగితపు ముక్కలూ పోగుచేసుకుని హాయిగా కాపురం చేసి వెళ్ళింది. అదంతా దులిపి కొత్త ఫిల్టరు వేశాం. కాస్త నయం. రాగం మాత్రం పోలేదు.

తరవాత నిప్పురవ్వ. ప్లగ్గు తీస్తే మొన అంతా మసి. కొత్త ప్లగ్గు తెచ్చాం. దాని రెండు మొనల మధ్య సందు ముప్పాతిక మిల్లీమీటరు వుండాలట. అక్క దాన్ని సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూసి బిగించింది. బండి వెంటనే అందుకుంది. రాగం పోలేదు.

ఆ తరవాత పెట్రోలు. టాంకులోది అక్టోబరు నాటిది. వాసన చూస్తే పాత రంగు డబ్బా మూత తీసినట్టుంది. పెట్రోలు నిలవ వుంటే అందులో తేలిక భాగం ఎగిరిపోయి జిగురు మిగులుతుంది. పైగా అక్కడి మామూలు పెట్రోలులో నూటికి పదివంతుల దాకా ఇథనాలు. అది గాలిలో తేమని లాక్కుంటుంది. మన దేశంలోనూ పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు కనక ఈ ముక్క మీరూ జ్ఞాపకం పెట్టుకోండి. నెలల తరబడి కదలని స్కూటరు మొండికేస్తే మెకానిక్కుని పిలిచేముందు టాంకు మూత తీసి ఒకసారి వాసన చూడండి.

పాతది డబ్బాలోకి తోడి, అటువంటివి తీసుకునే చోట అప్పగించి, కొత్త పెట్రోలు పోశాం. పోసిన ప్రతిసారీ అక్క ఆ కవరు విప్పడం, మళ్ళీ శ్రద్ధగా కట్టడం. నేను చూస్తూనే వున్నాను. చూశానే గానీ ఆలోచించలేదు.

రాగం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "ఇంక కార్బురేటరే" అన్నాడు పెద్దాయన. ఇంజనులో గవర్నరని ఒకటి వుంటుందట. గవర్నరంటే నాకు తెలిసింది వెల్లస్లీ, డల్హౌసీలు. ఇది వేరు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి బిగించిన గవర్నరు వంశానిది. వేగం తగ్గితే ఇంజనుకి మేత పెంచుతుంది, వేగం మించితే తగ్గిస్తుంది. కార్బురేటరులో సన్నటి రంధ్రం జిగురుతో పూడుకుపోతే పెట్రోలు తక్కువై ఇంజను నీరసిస్తుంది. గవర్నరు కంగారుపడి తలుపు బార్లా తీస్తుంది. ఇంజను ఎగిరిపడుతుంది. గవర్నరు మళ్ళీ కంగారుపడి మూసేస్తుంది. ఇదే ఆ రాగం. నీరసించిన పిల్లవాడూ, కంగారు తల్లీ!

కార్బురేటరు అడుగున చిన్న గిన్నె వుంటుంది. ఒక బోల్టు విప్పితే వూడి వచ్చింది. అడుగున పసుపుపచ్చని జిగురు. పైన వున్న ఇత్తడి రంధ్రం ఆవగింజంత కూడా లేదు. దాన్ని చూడగానే నేనూ అక్కా ఒక్కసారే అన్నాం, "పంపు స్టౌ!"

మా అమ్మ పంపు స్టౌ గుర్తొచ్చింది. మంట ఎర్రగా, మసిగా వస్తే, రేకుకి అతికించిన సన్నని పిన్నుతో రంధ్రంలో పొడిచేది. మళ్ళీ పంపు కొడితే బుస్సుమని నీలంగా అందుకునేది. ఇంజనీరింగు చదవకుండానే మన తల్లులు రోజూ పొద్దున్నే కార్బురేటరు బాగుచేసి కాఫీ కలిపారన్నమాట! పెద్దాయనకి ఆ స్టౌ సంగతి చెబితే మురిసిపోయాడు. "కానీ ఉక్కు పిన్ను పెట్టకండి. ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదైపోతుంది. రాగి తీగలో ఒక్క పోగు చాలు" అన్నాడు. రాగిపోగు పెట్టి, మందు పిచికారీ కొట్టి శుభ్రం చేసి గిన్నె బిగించాం.

తాళం తిప్పగానే బండి ఒకే శ్రుతి మీద నిలబడింది. హెచ్చు లేదు, తగ్గు లేదు. అక్క లోపలికి వెళ్ళి బావగారి టోపీ పెట్టుకు వచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి. అక్కకి లేదు.

పదిహేను నిమిషాలు కోసింది. దూరంగా కంచె మూల బండి ఒకసారి దగ్గి ఆగిపోయింది.

పది నిమిషాలు వూరుకుంటే మళ్ళీ నడిచింది. మళ్ళీ పదిహేను నిమిషాలకి ఆగింది. నవల కోసం తెచ్చుకున్న నోటుబుక్కులో టైములు రాశాను. 15, 14, 16. ఏడుపు గొంతుతో అక్కని అడిగానని చెప్పానే, అది ఆ సాయంత్రమే.

ఆ రాత్రి అబ్బాయి ఫోను చేశాడు. "ఇంక వదిలెయ్యండి పిన్నీ. ఇళ్ళమ్మే ఏజెంటుతో మాట్లాడాను. సోమవారం వచ్చి చూస్తానన్నాడు. అమ్మనేమంటుందో అడుగు."

అక్క వింటూనే వుంది. "రమ్మను" అంది. అని వంటిల్లు సర్దడానికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కూడా వినపడలేదు.

ఆదివారం పొద్దున్నే నేను నోటుబుక్కు పట్టుకుని కంచె దగ్గరకి వెళ్ళాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని నా అంకెలు చూశాడు. నా నవల చదివిన సంపాదకుడెవరూ అంత జాగ్రత్తగా చూడలేదు.

"ఇద్దరు దొంగలున్నారు. ఒకటి కాయిలు, వేడెక్కితే నిప్పురవ్వ ఇవ్వడం మానేస్తుంది. రెండోది టాంకు, దానికి వూపిరి ఆడకపోవడం. కాయిలుకి డబ్బవుతుంది. మూత విప్పడానికి దమ్మిడీ కాదు. కనక ముందు మూత. ఈసారి ఆగిన వెంటనే మూత కొంచెం వదులు చేసి చెవి పెట్టి వినండి."

అక్క నడుపుతుంటే నేను పక్కన దూరంగా నడిచాను. పదిహేను నిమిషాలకి ఆగింది. అక్క కవరు విప్పి చేత్తో పట్టుకుంది. నేను మూత తిప్పాను.

స్... స్... స్... అని గాలి లోపలికి పోయింది. కుక్కరు ఆవిరి వదిలినట్టు వుంది, కాకపోతే ఇది లోపలికి. తాళం తిప్పితే బండి తక్షణం లేచింది.

నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెట్టి వంపి చూడండి. నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. అందుకే మనం ఎదురుగా ఇంకో చిల్లు పెడతాం, గాలి పోవడానికి. టాంకూ అంతే. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు దిగదు. ఇంజను ఎండిపోయి ఆగుతుంది. కాసేపటికి ఏ సందులోంచో కాస్త గాలి దూరితే మళ్ళీ నడుస్తుంది. అందుకనే మూతకి సన్నటి రంధ్రం పెడతారు.

మూతని వెలుతురుకేసి పట్టి చూశాను. రంధ్రం శుభ్రంగానే వుంది. మరి గాలికి అడ్డం వచ్చిందేమిటి?

ఇద్దరం ఒక్కసారే అక్క చేతిలో వున్న కవరుకేసి చూశాం.

"మీ బావ కట్టారే" అంది అక్క.

నాకేమనాలో తోచలేదు. చివరికి అన్నాను, "బావగారు చలికాలానికి కట్టారక్కా. ఎండలొస్తే ఆయనే విప్పేసేవారు."

అక్క బండి ఆపి, టోపీ తీసి వొళ్ళో పెట్టుకుంది. ఆ రబ్బరు బాండ్లు రెండూ వేళ్ళకి చుట్టుకుంటూ కాసేపు వూరుకుంది. తరవాత ఏడ్చింది. చిన్నప్పుడు మా నాయనమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టు, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. విమానంలో కూడబెట్టిన మాటల్లో ఒక్కటీ నాకు జ్ఞాపకం రాలేదు. రాకపోవడమే మంచిదయింది. పక్కన గడ్డిలో కూర్చున్నాను. కంచె అవతల పెద్దాయన తన కుర్చీ మెల్లిగా అటువైపు తిప్పుకున్నాడు.

ఎంతసేపయిందో తెలియదు. అక్క ముక్కు తుడుచుకుని, "ఆ మూల మిగిలిపోయింది" అని బండెక్కింది. కవరు లేకుండా గంటసేపు నడిచింది. ఎకరం పూర్తయింది.

ఆ రాత్రి కొడుక్కి తనే ఫోను చేసింది. "ఏజెంటుని రావద్దను. ఈ యేడు గడ్డి నేనే కోస్తాను. వచ్చే యేటి సంగతి వచ్చే యేడు చూద్దాం" అంది. వాడు ఏదో అనబోతే, "నాన్న బండి నడుస్తోందిరా" అంది. అని మళ్ళీ ఏడ్చింది. వాడూ ఏడ్చినట్టున్నాడు. తల్లీ కొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు.

నేను జూన్‌లో తిరిగి వచ్చేశాను. అక్టోబరులో అక్క ఫోను చేసింది. బండిని చలికాలానికి సిద్ధం చేసిందట. కొత్త పెట్రోలులో అది చెడకుండా వుండే మందు కలిపి, ఆ కలిపినది కార్బురేటరు దాకా చేరేలా పది నిమిషాలు ఇంజను నడిపి, షెడ్డులో పెట్టిందట. పాఠం అప్పచెబుతున్న పిల్లలా గడగడా చెప్పుకుపోయింది.

"మరి మూతకేం కట్టావు?" అన్నాను.

"ఏమీ కట్టలేదు. షెడ్డు కప్పు బాగుచేయించాను" అంది.

ఆ కవరు మాత్రం మడతపెట్టి, ఆయన కళ్ళజోడుతో పాటు బీరువాలో దాచుకుంది. దాచుకోనివ్వండి. దాని చోటు అదే.

ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని సొరుగు వెతకడం. తెనాలి కార్డు దొరికింది. అడ్రసు చెరిగిపోయింది గానీ ప్రశ్న చెరగలేదు. పదిహేనేళ్ళు ఆలస్యంగానైనా జవాబు చెప్పాలి కదా! అందుకని ఇప్పుడు రాస్తున్న నవలలో మళ్ళీ కారు ఆపాను. వాన కూడా పెట్టాను. హీరో దిగాడు. కానీ ఈసారి బానెట్ ఎత్తలేదు, తల పంకించలేదు. వెనక్కి వెళ్ళి, పెట్రోలు టాంకు మూత వదులు చేసి, చెవి పెట్టి విన్నాడు.

హీరోయిన్ ఇంటికి ఎలా చేరతాడా అనేదే ఇప్పుడు నా బెంగ. కారు బాగుపడిపోయింది.